తిరిగి అడిగిన మాట

మా తమ్ముడు లానీ క్రూపా పశువుల వేలంలో పనిచేస్తాడు. దూడల్ని బరిలోకి తోలగానే మెట్ల మీద కూర్చున్నవాళ్లలో ఎవడు తల ఊపాడో, ఎవడు టోపీ అంచు తాకాడో కనిపెట్టి “యెప్!” అని గట్టిగా అరవడం వాడి ఉద్యోగం. వాడు అరిచాడంటే పాట పడ్డట్టే. తర్వాత పెళ్లాంతో మాట్లాడి చెప్తాను, బ్యాంకుకి వెళ్లి చెప్తాను అంటే మా నెబ్రాస్కాలో ఎవరూ వినరు. తల ఊపావు, కొన్నావు, తోలుకుపో. అలాంటివాడి కూతురు ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటానంటే ఆ ఇంట్లో ఏమవుతుందో నేను విడిగా చెప్పక్కర్లేదు.

నా మేనకోడలు డిలేనీ సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. బంతి విసరడం దాని విద్య. నడుం కిందనుంచి చెయ్యి గిర్రున తిప్పి వదిలితే ఎదురుగా బ్యాటు పట్టుకున్న పిల్ల కళ్లార్పేలోపు బంతి దాటిపోయేది. ఎనిమిదో తరగతిలో ఉండగానే ఎల్క్‌రిడ్జ్ కాలేజీ కోచ్ దాన్ని చూసి మనసు పారేసుకుంది. ఆవిడ పేరు మెరిడిత్ హాల్వర్సన్. పిల్లని కాలేజీకి రమ్మని పిలిచి, వాళ్ల ఆకుపచ్చ చొక్కా తొడిగించి, మైదానంలో ఉన్న పెద్ద బోర్డు మీద దాని పేరు వెలిగించింది. “మా దగ్గరికి వస్తావా?” అని ఆవిడ పూర్తిగా అడగనేలేదు, ఇది వస్తానని గెంతింది. పక్కనే వాళ్ల నాన్న. మురిసి ముక్కలైపోతున్నాడు.

కాగితం లేదు, సంతకం లేదు. సంతకాలు స్కూలు ఆఖరి ఏడాది నవంబరులో పెడతారు. అంతదాకా నోటిమాటే. కానీ మా ఊళ్లో అది సంబంధం కుదిరినంత పని. పెట్రోలు బంకు బోర్డు మీద దాని పేరు ఎక్కించారు, చర్చిలో చప్పట్లు కొట్టారు. అప్పటినుంచి మా లానీ ఆకుపచ్చ టోపీ తప్ప ఇంకోటి పెట్టలేదు. పిల్ల పెళ్లికి కూడా అదే పెట్టుకొస్తాడని నేను ఏడిపించేదాన్ని.

హాల్వర్సన్ గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. పదో తరగతిలో డిలేనీ మోచెయ్యి విరిగింది. ఏడాదంతా ఆట లేదు, చెంచా పట్టుకోవడానికే ఏడ్చేది. ఇలాంటప్పుడు చాలామంది కోచ్‌లు మెల్లిగా ఫోన్లు ఎత్తడం మానేస్తారు. పిల్లలకి విషయం అర్థమయ్యేసరికి వాళ్ల చోటు ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఈవిడ మాత్రం దాని పేరు కొట్టెయ్యలేదు. “నీ చోటు నీదే, చెయ్యి బాగయ్యాక రా” అని కబురు పెట్టింది. ఆ రోజు లానీ ఆవిణ్ణి దేవతని చేసేశాడు. నేనూ దణ్ణం పెట్టుకున్నాను, దాచడమెందుకు.

ఇంతలో పిల్ల పెరిగింది. పిల్లలు పెరుగుతారన్న సంగతి ఈ మాటలు పుచ్చుకునేవాళ్లకీ ఇచ్చేవాళ్లకీ గుర్తుండదు. పోయిన వేసవిలో మా పశువుల డాక్టరు వెంట పనికి వెళ్లింది. ఒకరోజు ఆవుకి దూడ అడ్డం తిరిగితే, డాక్టరు చెయ్యి పట్టక, దీని సన్నటి చేతిని లోపలికి పెట్టించి సరిచేయించాడట. భుజం దాకా నెత్తురూ జిగురూ పూసుకుని ఊళ్లో నేను నడిపే సెలూన్‌కి వచ్చింది. కుర్చీలో జుట్టుకి రంగేయించుకుంటున్న ఆవిడ కెవ్వుమంది. ఇదేమో నవ్వుతోంది. “అత్తా, దూడ లేచి నిలబడింది! నాకు ఇదే కావాలి. జీవితమంతా ఇదే చెయ్యాలి” అంది. బంతి విసిరి గెలిచినప్పుడు కూడా ఆ మొహం అంత వెలగడం నేను చూడలేదు.

ఎల్క్‌రిడ్జ్‌లో ఆ చదువు లేదు. దగ్గరదగ్గరగా ఉండేది కూడా లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడి కోచ్‌కి ఇది రాసుకుంటే ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. నువ్వు ఇంకొకరికి మాటిచ్చిన పిల్లవి, నీతో నేను మాట్లాడను. నవంబరు సంతకాలలోపు వాళ్లు నిన్ను వదిలేస్తే అప్పుడు ఫోన్ చెయ్యి, అప్పటికీ నేను నీకేమీ ఒప్పుకోవడం లేదు, అంది. అంటే చేతిలో ఉన్నది వదిలేస్తే రెండోది దొరుకుతుందని నమ్మకం లేదు.

సంతకాలకి ఇంకా పది రోజులుందనగా, ఆదివారం నుంచి వారం తిరక్కుండా మా బతుకులు తారుమారయ్యాయి. ఆ ఆదివారం చర్చి అయ్యాక అందరం లానీ ఇంట్లో పంది మాంసమూ పిండి ఉండలూ తింటున్నాం. డిలేనీ ఫోర్కు కింద పెట్టి, గుక్కతిప్పుకోకుండా ఉన్న సంగతంతా చెప్పేసింది.

లానీ నమలడం ఆపేశాడు. “మళ్లీ చెప్పు.”

“నాకు ఎల్క్‌రిడ్జ్ వద్దు నాన్నా.”

“వద్దా? ఇప్పుడా? బుధవారం కాక పై బుధవారం సంతకం పెట్టుకుని ఇప్పుడు వద్దంటావా?”

మా మరదలు జోడీ గొడవలంటే భయపడే మనిషి. “అందరూ చేస్తున్నదేగా లానీ. ఫోన్లో నాలుగు ముక్కలు రాసి పెడుతున్నారు. బాగా ఆలోచించుకున్నాను, ప్రార్థన చేసుకున్నాను, నా నిర్ణయాన్ని గౌరవించండి అని. అదే పెడితే పోలా?” అంది.

“దేవుణ్ణి కూడా ఇందులోకి లాగుతారా?” అని బల్ల మీద గుద్దాడు లానీ. చారు గిన్నె ఎగిరింది. “ఆ మనిషి నీ చెయ్యి విరిగినప్పుడు నిన్ను వదిలేసిందా? ఆ రోజు ఆవిడ కూడా నాలుగు ముక్కలు రాసి ఉంటే ఏం చేసేదానివి? క్రూపాల ఇంట్లో పుట్టి…”

“నాకప్పుడు పదమూడేళ్లు నాన్నా!”

“నాకు కాదుగా! పక్కనే నిలబడి ఊఁ అన్నది నేనేగా!”

ఆ మాట వాడి నోటినుంచి ఎందుకు వచ్చిందో వాడికే తెలియలేదు. డిలేనీ లేచి వెళ్లిపోయింది. నేను నోరు మూసుకుని తిన్నాను. నేను నోరు మూసుకున్నానంటే పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోండి.

ఊళ్లో సంగతి పొక్కడానికి ఒక పూట చాలు. నా సెలూన్‌లో అయితే అదీ అక్కర్లేదు. సోమవారం జుట్టు ఆరబెట్టే హుడ్ల కిందా, కుర్చీల్లోనూ కూర్చున్న ఆడవాళ్లు రెండు జట్లయ్యారు. మాట తప్పితే మన పిల్లల్ని రేపు ఎవరు నమ్ముతారని ఒకావిడ అంది. కోచ్‌లు మాత్రం జీతం ఎక్కువిస్తే రాత్రికి రాత్రి కాలేజీ మారడం లేదా, వాళ్లకి లేని నీతి పసిపిల్లలకెందుకని ఇంకొకావిడ లేచింది. రెండూ నిజమే. అదే చిక్కు. రెండో ఆవిడ మరీ ఆవేశంగా తలాడించడంతో నేను ఆవిడ నుదుటి జుట్టు వంకరగా కత్తిరించేశాను. ఆవిడ ఇంకా చూసుకోలేదనుకుంటాను.

గురువారం వేలం. అక్కడి క్యాంటీన్‌లో యాపిల్ పై తినడానికి ప్రతి గురువారం వెళ్తాను. ప్లేటు పట్టుకుని మెట్ల పైవరుసలో కూర్చున్నాను. బరిలో నల్లటి కోడె, చూడముచ్చటగా ఉంది. పాట జోరుమీదుంది. ఇంతలో ఎదుటి వరుసలో ఒక బుజ్జిది, జడలు రెండూ రెండు దిక్కులు చూస్తున్నాయి, అవతలివైపు కూర్చున్న తాతని చూసి చెయ్యెత్తి ఊపింది.

“యెప్!” అని అరిచాడు మా లానీ, అలవాటు కొద్దీ.

వేలం నడిపే పాటగాడు సుత్తి కొట్టేశాడు. “ఎవరండీ కొన్నది?” అని చూస్తే పాలపళ్ల పిల్ల. షెడ్డంతా గొల్లుమంది. “అమ్మలూ, కోడెని ఇంటికెలా తీసుకెళ్తావే? నీ సైకిల్‌కి కడతావా?” అని పాటగాడు మైకులో అడిగితే పిల్ల పరిగెత్తుకెళ్లి వాళ్ల తాత ఒళ్లో దూరిపోయింది. “పిల్ల చెయ్యి లెక్కలోకి రాదు, పాట మళ్లీ మొదలు” అన్నాడు పాటగాడు. ఒక్కడంటే ఒక్కడు కిక్కురుమనలేదు. అక్కడ అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే.

లానీ మాత్రం నవ్వలేదు. బరి అంచున నిలబడి ఆ పిల్లనే చూస్తున్నాడు.

వేలం అయ్యాక క్యాంటీన్‌లో వాడి ఎదుట కూర్చున్నాను. “చూశావుగా?” అన్నాను.

“నువ్వు ఏమంటావో నాకు తెలుసక్కా. అనకు.”

“అంటాను. ఎద్దు విషయంలో పిల్ల చెయ్యి చెల్లదుట, బతుకు విషయంలో చెల్లుతుందా?”

“ఆ పాప కోసం ఆ ఎద్దుని ఎవరూ ఏడాది మేపలేదు.” కాఫీ కప్పు తిప్పుతూ అన్నాడు. “మన పిల్లకి చెయ్యి విరిగితే ఆవిడ కాచుకుంది. పిల్ల మాట చెల్లదనే చెప్పు, ఆవిడ మాట చెల్లింది కదా? ఆవిడ నిలబెట్టుకుంది కదా? దానికేం చెప్తావు?”

వాడు మొండివాడే గానీ వెధవ కాదు. పిల్ల మీద కోపం కాదు వాడిది. ఆవిడ ముందు తలదించుకోవాల్సి వస్తుందన్న బాధ.

“అయితే ఒక పని చెయ్యరా. మాట తప్పొద్దు, తిరిగి అడుగుదాం. ఆవిడ ఇస్తేనే తెచ్చుకుందాం” అన్నాను.

వాడు చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగి లేచాడు. ఆ సాయంత్రం పిల్లని పిలిచి కూర్చోబెట్టాడు. “శనివారం ఎల్క్‌రిడ్జ్ వెళ్దాం. నీ నోటితో, ఆవిడ మొహం చూసి అడుగు. నీ మాట ఆవిడ దగ్గరుంది, ఆవిడే ఇవ్వాలి. ఇస్తే నీ ఇష్టం. ఇవ్వనంటే బుధవారం సంతకం పెట్టి, అక్కడికే వెళ్లి, ఒళ్లు దాచుకోకుండా ఆడాలి. సరేనా?”

డిలేనీ మొహంలో నెత్తురు చుక్క లేదు. “సరే నాన్నా.”

“నేను చెప్పానని కాదు…”

“సరేనన్నానుగా.”

శనివారం కారు నేనే నడిపాను. లానీ వెనకసీట్లో టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆకుపచ్చది పెట్టుకోవడానికి మనసొప్పలేదు, ఇంకోటి కొనుక్కోలేదు. మూడు గంటల దారిలో కోతలైపోయిన మొక్కజొన్న చేలు తప్ప చూడ్డానికేమీ లేదు. జోడీ పొద్దున్నే లేచి కొలాచీలు, అవే గసగసాలు కూరిన తీపి బన్నులు, చేసి పెట్టెలో సర్ది ఇచ్చింది. మాట వాపసు అడగడానికి మిఠాయి పట్టుకెళ్లడం ఎక్కడైనా ఉందా? వద్దంటే కళ్లనీళ్లు పెట్టుకుంది, పట్టుకొచ్చాం.

హాల్వర్సన్ గదిలో మేం ముగ్గురం వరుసగా కూర్చున్నాం. ఆవిడ నవ్వుతూ లేచొచ్చి డిలేనీని లేపి కావలించుకుంది. “బుధవారం దాకా ఆగలేకపోయావా?” అంది.

డిలేనీ మళ్లీ కూర్చోలేదు. “కోచ్, నేనిక్కడికి రాలేను. రావడం ఇష్టం లేక కాదు. పశువుల డాక్టరు చదువుకోవాలనుంది, అది ఇక్కడ లేదు. నా చెయ్యి విరిగినప్పుడు మీరు నన్ను వదల్లేదు, అది నేను మర్చిపోలేదు. మాట తప్పడానికి రాలేదండీ. తిరిగి ఇమ్మని అడగడానికొచ్చాను. మీరు ఇవ్వనంటే బుధవారం సంతకం పెడతాను.”

ఆవిడ నవ్వు మెల్లిగా ఆరిపోయింది. కుర్చీలో కూర్చుంది. “ఇంత దూరం వచ్చి మొహం మీద చెప్పావని నేను మెచ్చుకోవాలేమో. సారీ, ఇవాళ నాకంత ఓపిక లేదు.”

బల్ల మీది కాగితాలు పక్కకి తోసింది.

“సంతకాలకి నాలుగు రోజులుంది డిలేనీ. ఇప్పుడా? నీ మోచెయ్యి విరిగినప్పుడు మా వాళ్లందరూ ఈ పిల్లని నమ్ముకోకు అన్నారు. వాళ్లతో పోట్లాడాను. మొన్న వసంతంలో ఒక మంచి పిల్ల నా గుమ్మం ముందుకొచ్చింది. నీ చోటు ఉందని పంపేశాను. ఏడ్చుకుంటూ వెళ్లింది.” ఆవిడ మా వాడి వైపు తిరిగింది. “లానీ గారూ, ఆ రోజు నేను మీ పిల్లని వదిలేసుంటే నన్నేమనేవారు?”

“చర్చిలో చెప్పుకోలేనివి అనేవాణ్ణండీ” అన్నాడు మా వాడు, తలెత్తకుండా. “ఇవాళ మీరు నన్ను అనండి. పిల్లని కాదు.”

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. కింద మైదానంలో ఆడపిల్లలు కేకలేసుకుంటూ పరిగెడుతున్నారు. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఆవిడ అరిచి ఉంటే మాకు తేలికయ్యేది.

“సరే, ఇలా చేద్దాం” అంది చివరికి. “ఆ పిల్లకి ఇప్పుడే మీ ముందే ఫోన్ చేస్తాను. ఇంకా ఎవరికీ ఒప్పుకోకుండా ఉంటే నువ్వు వెళ్లు. వేరే దగ్గర కుదిరిపోయి ఉంటే మాత్రం నిన్ను వదల్లేను. బంతి విసిరేవాళ్లు లేకుండా నా జట్టుని మైదానంలోకి దింపలేను. ఒప్పుకుంటావా?”

డిలేనీ అలవాటుగా వాళ్ల నాన్న వైపు తిరిగింది. వాడు గోడ మీద ఉన్న క్యాలెండర్ వైపు తల తిప్పేసుకున్నాడు. మెడ నరాలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఎక్కడ తల ఊగిపోతుందోనని పట్టుకుని కూర్చున్నాడు వెర్రినాగన్న.

“ఒప్పుకుంటాను” అంది డిలేనీ, ఎవర్నీ చూడకుండా నా పక్కన కూర్చుంటూ.

ఆవిడ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. మోగింది, మోగింది, మోగింది. ఎత్తలేదు. ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టి పెదవి విరిచింది. డిలేనీ రెండు చేతులూ ఒళ్లో దాచుకుంది. ఏమీ తోచక నేను కొలాచీల పెట్టె తెరిచాను. ఏం చెయ్యమంటారు? ఆవిడ ఒకటి తీసుకుని కొరికి, “ఎవరు చేశారు?” అంది. “మా ఆవిడండీ” అన్నాడు లానీ. “బాగున్నాయి” అంది, ఆ ఒక్క మాటకే కోపం వచ్చినట్టు.

ఫోన్ మోగింది.

“కోచ్? నేను, యెసేనియాని. పిజ్జా కొట్లో పనిలో ఉన్నానండీ, చేతులకి పిండి. ఏమైనా పనుందా?”

“యెసేనియా, నిన్నెవరైనా తీసుకున్నారా?”

అటునుంచి కాసేపు పెనాల చప్పుడు వినిపించింది. “లేదు కోచ్. ఎవరూ అడగలేదు. ఈ ఏడాదితో ఆట మానేద్దామనుకుంటున్నా. అమ్మతో కూడా చెప్పేశా.”

“మానొద్దు. చోటొచ్చింది. నీకు కావాలా?”

కెవ్వుమని ఒక్క కేక. ఏదో కిందపడి పగిలింది. “ఎవరికైనా కాలిందా?” అని వెనకనుంచి ఒక మగగొంతు అరుస్తోంది. “కావాలి కావాలి కావాలి!” అని ఆ పిల్ల ఏడుపూ నవ్వూ కలిపేసి స్పానిష్‌లో ఏదేదో అంటోంది. “టీచర్ని అవుదామనుకున్నా కోచ్, మీ కాలేజీలో ఆ కోర్సు ఉందని వసంతంలోనే చూసుకున్నా, ఎప్పటికప్పుడు తీసి చూసుకుంటూనే ఉన్నా…”

నా పక్కన డిలేనీ మొహం చేతుల్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆపాలనిపించలేదు నాకు. నా కళ్లు కూడా ఊరుకోలేదు.

హాల్వర్సన్ ఫోన్ పెట్టేసి, వేళ్లకంటిన గసగసాలు తుడుచుకుని, లేచొచ్చి డిలేనీ ముందు నిలబడింది. “నీ మాట నీకిచ్చేశాను. ఇంకా కోపంగానే ఉంది నాకు, రెండు రోజులుంటుంది. తర్వాత పోతుంది. వెళ్లి బాగా చదువుకో.” తర్వాత లానీ వైపు తిరిగి చెయ్యి చాపింది. వాడు రెండు చేతులతో పట్టుకుని వదలడే. “చాలండీ, నా చేతితో పనుంది” అని ఆవిడే విడిపించుకుంది.

బయట కార్ల దగ్గర గాలి చెవులు కోసేస్తోంది. అయినా ఎవరమూ కారెక్కలేదు. వారం నుంచి గుండె మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయినట్టుంది, ఆ చలిలో నిలబడి ఊపిరి పీల్చుకోవడమే హాయిగా ఉంది. లానీ ముక్కు చీదుకుని “ఆకలేస్తోంది” అన్నాడు. ఆదివారం నుంచి వాడు సరిగ్గా తినలేదు.

డిలేనీ ఫోన్ తీసి విశ్వవిద్యాలయం కోచ్‌కి చేసింది. నేను స్పీకర్ పెట్టమని సైగ చేశాను. నాకు సిగ్గులేదు.

“వాళ్లు వదిలేశారండీ” అంది. “నేనే వెళ్లి అడిగాను.”

“ఎదురుగా వెళ్లి అడిగావా?” ఆవిడ ఆశ్చర్యపోయింది. కాసేపు ఎవరితోనో గుసగుసలాడింది. “డిలేనీ, నువ్వు ఆడిన ఆటలు చూశాను. చోటు ఉంది. బుధవారం సంతకానికి కాగితాలు పంపిస్తాను. ఏమంటావు, మాతో వస్తానని ఇప్పుడే మాటిస్తావా?”

నేను కారు తలుపు గట్టిగా పట్టుకున్నాను. ఇంతసేపూ దేనికోసం చచ్చామో అది అరచేతిలోకొచ్చి పడింది.

డిలేనీ కళ్లు తుడుచుకుంది. “చాలా థాంక్సండీ. సోమవారం ఒకసారి వస్తాను. పశువుల ఆసుపత్రి చూస్తాను, క్లాసులు చూస్తాను, మీ పిల్లలతో మాట్లాడతాను. చూసుకుని మంగళవారం చెప్తాను. అప్పుడు చెప్తే ఇంక మారదు.”

అటువైపు ఆవిడ నవ్వింది. “సోమవారం పదింటికి రా” అంది.

ఫోన్ పెట్టేశాక డిలేనీ భయంగా వాళ్ల నాన్న వైపు చూసింది. తల ఊపితే పాట పడిపోయినట్టే అనే మనిషి, నోరు తెరుచుకుని కూతుర్నే చూస్తున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ కారుకి ఆనుకుపోయాడు, కళ్లెమ్మట నీళ్లు కారుతున్నాయి.

“అక్కా,” అన్నాడు, “ఇది సరుకు చూడందే తల ఊపదు. నాకంటే బాగా కొంటుందే.”